రెండో నంబరు దరువు

రాస్ అల్ ఖైమా,
16 అక్టోబర్ 2022.

సంగీతంలో డాక్టరు, స్వరకర్త, అబుదాబిలో ఒకానొక విశ్వవిద్యాలయపు సహాయ ఆచార్యురాలు, మా పెద్దమ్మ కూతురు లావణ్య గారి సముఖానికి, కంకర క్వారీలో టైంకీపరు, ఎం.కాం. సెకండ్ క్లాసు దయాకర్ నడుము వంచి రాసుకుంటున్న విన్నపం.

అక్కా,

మొన్న శుక్రవారం నువ్వు మా క్యాంపుకు వచ్చి వెళ్ళావు. నీకు గేటు దగ్గర సెక్యూరిటీవాడు కుర్చీ వేశాడు. మూడేళ్ళుగా రోజూ ఆ గేటు దాటుతున్నాను, నాకు స్టూలు కూడా వెయ్యలేదు. చదువుకు గల మహిమ అప్పుడు అర్థమైంది. ఎం.కాం.కు స్టూలు రాదు, పీహెచ్‌డీకి కుర్చీ వస్తుంది.

నువ్వు అడిగినట్టే ఇది ఉత్తరం. పాట ఫోన్లో పంపితే చాలదట కదా, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు వాయించారో కాగితం మీద తేదీ వేసి సంతకం పెడితేనే మీ కమిటీ దాన్ని పరిశోధన అంటుందట. మంచిదే. మా సనావుల్లా భాయ్ వారానికోసారి కంపెనీ వ్యానులో స్పేర్ పార్టుల కోసం అబుదాబి ముసఫ్ఫాకు వస్తాడు. ఉత్తరాలు ఆయన చేత పంపుతాను. కడప మనిషి, నెమ్మదస్తుడు, కవరు విప్పి చదవడు. చదివినా నవ్వడు.

గల్ఫ్ క్యాంపుల్లో మన ఒగ్గు డోలు దరువులు ఏమైపోయాయి అన్నది నీ విషయం. దానికి ఇంత దూరం వెతకడం ఎందుకు? మనిద్దరికీ తాత ఒక్కడే. భోజన్న తాత ఒగ్గు కథల్లో డోలు వాయించేవాడని ఊరంతా తెలుసు. ఆయన చెయ్యి పట్టి నేర్పింది నాకు. సర్టిఫికెట్టు వచ్చింది నీకు. దీని మీద నాకు రవ్వంత కూడా అసూయ లేదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. ఉన్నది రవ్వంత కాదు కాబట్టి.

ముప్పై ఏడు నిమిషాల నా వాయింపు ఫోన్లో పంపాను. మెస్ వెనకాల, సెలవు రోజు, పగలు పదకొండింటికి, నా చేతులతో. సంతకం కింద ఉంది. నీ పుస్తకంలో నా ఫొటో వేసేటట్టయితే ముందే చెప్పు, జుట్టు కత్తిరించుకోవాలి.

చప్పట్ల కోసం చెవులు రిక్కించుకుని,
దయాకర్

*

అబుదాబి,
27 అక్టోబర్ 2022.

దయా,

నిజం చెప్తాను, ఏడవకు. నువ్వు బాగా వాయిస్తావు. వచ్చిన చిక్కు అదే. ప్రతి దెబ్బకూ ముందు కెమెరా ఎక్కడుందో చూసుకున్నట్టు వినబడుతోంది. కాలేజీ యూత్ ఫెస్టివల్లో ఇలాగే వాయించి కప్పు తెచ్చుకున్నావు, నాకు గుర్తే. నేను వెతుకుతున్నది కప్పు వచ్చే దరువు కాదు. ఎవరూ వినడం లేదనుకుని మనిషి వాయించుకునే దరువు.

అలాంటిది నీ రికార్డింగులోనే ఉంది. ముప్పై మూడో నిమిషం దగ్గర నువ్వు దగ్గడానికి ఆగావు. ఆ సందులో వెనక నుంచి ఎవరో బకెట్ లాంటి దాని మీద వాయిస్తున్నారు. పదకొండు సెకన్లు ఉంటుందేమో. తర్వాత మళ్ళీ నువ్వు అందుకుని పాడు చేశావు. ఎవరాయన? ఆయన వాయించేవన్నీ నాకు కావాలి. పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అన్నీ రాయి.

పిన్నికి ఫోన్ చేస్తున్నావా? నా కొడుకు ఎలా ఉన్నాడని ఆవిడ నన్ను అడుగుతోంది.

లావణ్యక్క

*

రాస్ అల్ ఖైమా,
13 నవంబర్ 2022.

పదకొండు సెకన్ల అక్కకు,

ముప్పై ఏడు నిమిషాల తమ్ముడి వందనాలు.

నువ్వు ఆరా తీసిన మహా విద్వాంసుడి పేరు వెంకట్రాములు. ఊరు మెట్‌పల్లి వైపు, వయసు యాభై మూడు, ఉద్యోగం రెండో నంబరు క్రషర్ దగ్గర హెల్పరు, నివాసం నా గదిలోనే నా పై మంచం. నేను తాత నేర్పిన దరువులో ప్రాణం పెడుతుంటే ఆయన బట్టలు నానేవరకు తోచక ఖాళీ పెయింటు బకెట్ తిప్పేసి కొట్టుకుంటున్నాడు. దానికి వచ్చింది నీ మెప్పు.

వెళ్ళి అడిగాను. "నాకేమొస్తది సారూ! మల్లన్న పట్నాలప్పుడు పక్క పొంటి నిలబడి సూసిన, గంతే" అన్నాడు. బతిమాలితే మూడు వాయించాడు. ఒకటి, రెండు, మూడు నంబర్లుగా పంపాను. అదే బకెట్ మీద, బట్టల తీగ కింద, ఆదివారం మధ్యాహ్నం.

మర్నాడు మళ్ళీ అడిగితే నాలుగోది బయటపెట్టాడు. ఇది వాళ్ళ తాత దరువట. ఆ తాతకు వాళ్ళ తాత ఇచ్చిందట. ఇంకెవరికీ రాదట. సిగ్గుపడి స్టోరు రూములో తలుపేసుకుని వాయించాడు కాబట్టి శబ్దం కొంచెం మందంగా ఉంటుంది. పై వివరాలన్నీ నిజమని సంతకం పెడుతున్నాను.

ఆయన గురకలో కూడా తాళముంది. కావాలంటే అదీ పంపుతాను.

సేవకుడు,
దయాకర్

*

అబుదాబి,
8 డిసెంబర్ 2022.

దయా, బంగారం,

నాలుగోది విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. క్లాసులో పాఠం చెప్తూ బల్ల మీద అదే కొడుతున్నాను, పిల్లలు నవ్వుతున్నారు.

విను. ఏడు దెబ్బల చుట్టు మూడుసార్లు తిరుగుతుంది. నాలుగో చుట్టులో అయిదు దెబ్బలు పడి ఆగిపోతుంది. మిగిలిన రెండు దెబ్బల జాగాలో ఏమీ లేదు, నిశ్శబ్దం. తర్వాత ఏమీ జరగనట్టు మళ్ళీ మొదటికి వస్తుంది. నేను ఇండోనేషియా గంటలు విన్నాను, కొరియా డోళ్ళు విన్నాను, మన దక్షిణాది తాళాలన్నీ లెక్కపెట్టాను. ఇలాంటి ఎత్తుగడ ఎక్కడా తగల్లేదు. ఆ నిశ్శబ్దం భక్తుడు దేవుడి ముందు ఊపిరి బిగబట్టే క్షణమని నాకు అనిపిస్తోంది. వ్యాసంలో అలాగే రాశాను. ఇంకో వాక్యం కూడా రాశాను: "దీన్ని ఒక మనిషి కూర్చుని కట్టలేడు, దీనికి నాలుగు తరాల చేతులు కావాలి."

వ్యాసం ఒక పత్రిక తీసుకుంది. జనవరిలో సభలో చదువుతున్నాను. మే నెలలో నా ఉద్యోగం కొనసాగింపు మాట్లాడతారు, ఈ వ్యాసమూ, మే నెల కచేరీలో నేను కట్టబోయే కొత్త కూర్పూ ముందు పెట్టి. అరబ్బుల తంత్రీ వాద్యం ఊద్, చెల్లో, డోలు. ఆ డోలు వెంకట్రాములు గారే వాయించాలి. ఆయనకు మంచి డోలు ఒకటి ఇంటి నుంచి తెప్పిస్తున్నాను. బకెట్ మీద ఇంక వాయించనివ్వను ఆయన్ని.

ఇదంతా నీ వల్లే. ఎంత మంచివాడివిరా!

నీ అక్క

*

రాస్ అల్ ఖైమా,
11 డిసెంబర్ 2022.
(రాశాను గానీ సనావుల్లా భాయ్‌కి ఇవ్వలేదు. ట్రంకు పెట్టెలో అడుగున పెట్టాను.)

అక్కా,

నాలుగోది వెంకట్రాములుది కాదు. నాది.

ఆయన తాతకూ, ఆ తాత తాతకూ దానితో సంబంధం లేదు. స్టోరు రూములో నేనే, మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక, అదే బకెట్ మీద దుప్పటి కప్పి వాయించాను, పాతకాలపు శబ్దం రావాలని. నాది యూత్ ఫెస్టివల్ వాయింపన్నావు. సరే, నా చేతులకు ఇంకొకరి పేరు తగిలిస్తే ఏమంటావో చూద్దామనుకున్నాను. నాలుగు రోజులు నిన్ను ఆటపట్టించి, అయిదో రోజు ఫోన్ చేసి నవ్వుదామన్నది పథకం.

నువ్వు నాలుగు తరాలు అన్నావు. అక్కా, నాకు నాలుగు మధ్యాహ్నాలు పట్టింది.

ఇప్పుడు నా పరిస్థితి విను. నా జీవితంలో నేను చేసిన వాటిలో ఎవరైనా నిద్ర మానుకుని విన్నది అదొక్కటే. ఆ మెప్పంతా పై మంచం మీద పడుకుని కాలు ఊపుతున్న మనిషికి పోయింది. పొద్దున టీ తాగుతుంటే ఆయన్ని చూసి ఒళ్ళు మండింది. ఏం చేశాడని ఇతనికి డోలు, కచేరీ, "గారు"? నా దరువు చేశాడని! నా దరువు మీద నాకే కుళ్ళు పుట్టింది. ఇలాంటి కుళ్ళు ఇంతకు ముందు ఎవరికైనా వచ్చిందో లేదో, ఉంటే దాని మీద కూడా వ్యాసం రాయి.

చెప్పేద్దామనే కూర్చున్నాను. చెప్తే నీ వ్యాసం పోతుంది. దానితో మే నెలలో ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అది ఎప్పటికీ ఆయనదే అవుతుంది. రెండింటిలో ఏది నన్ను ఎక్కువ బాధిస్తోందో రాయను. రాస్తే నువ్వు నన్ను తమ్ముడనవు.

దయాకర్

*

రాస్ అల్ ఖైమా,
13 డిసెంబర్ 2022.

అక్కకు,

ఉత్తరం అందింది. సంతోషం.

కానీ ఒక మాట. వెంకట్రాములు మీద అంత ఆశ పెట్టుకోకు. మనిషి మంచివాడే, చెయ్యి నిలకడ లేదు. ఈ రోజు వాయించింది రేపు వాయించడు. కచేరీ అంటే బట్టలు, బూట్లు, నిలబడే పద్ధతి ఉంటాయి. ఆయన స్టేజీ మీద బీడీ అడుగుతాడు. సెలవు కూడా దొరకదు, షిఫ్టులు వేసేది నేనే, నాకు తెలుసు. డోలు పంపడం ఎందుకు? గదిలో జాగా లేదు. ఇంకెవరైనా వాయించేవాళ్ళు దొరుకుతారేమో చూడు. దగ్గరలోనే, కాస్త చదువుకున్నవాళ్ళు.

ఇట్లు,
దయాకర్

*

అబుదాబి,
5 జనవరి 2023.

దయాకర్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రతిసారీ సిగ్గేసింది, నీ తరఫున.

ఆయన బీడీ తాగుతాడని కచేరీకి పనికిరాడా? చేతిలో ఒక హాజరు పుస్తకం పెట్టగానే నీకు ఇంత సూపర్‌వైజరు బుద్ధి వస్తుందనుకోలేదు. మన తాత బీడీ తాగేవాడు. ఎండకు వాయించి వాయించి తలపాగా చుట్టలోంచి బీడీ తీసేవాడు. ఆయన్ని కూడా "నిలబడే పద్ధతి లేదు" అని పంపించేవాడివేనా?

డోలు వచ్చింది. దుబాయ్ కరామాలో ఉమాదేవి గారని, నాకు తెలిసినావిడ, ఊరి నుంచి వస్తూ తెచ్చారు. సెలవు రోజు చూసుకుని వెళ్ళి తీసుకో. జాగ్రత్తగా మోసుకొచ్చి వెంకట్రాములు గారి చేతికియ్యి. జాగా లేకపోతే నీ మంచం మీద పెట్టు, నువ్వు కింద పడుకో.

సభలో వ్యాసం పద్దెనిమిదో తేదీ చదువుతున్నాను.

లావణ్య

*

రాస్ అల్ ఖైమా,
22 జనవరి 2023.

అక్కా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కూర్చో.

మొన్న శుక్రవారం కరామా వెళ్ళాను. ఉమాదేవి గారు ఉప్మా పెట్టి, డోలు మీద గుడ్డ తీసి, "వాయించేది మీరేనా బాబూ?" అన్నారు. "కాదండీ, మోసేది" అన్నాను. ఎంత మంచి డోలు అక్కా! చేత్తో ఊరికే నిమిరితే లోపల మాట వినబడుతోంది. ఇంకొకడి పెళ్ళికూతురిని మోసుకొచ్చినట్టు వచ్చాను. బస్సు డ్రైవరు పెషావరు ఆయన, "యే క్యా హై భాయ్, సిలిండర్?" అన్నాడు. "ఢోల్ హై" అన్నాను. "తో బజాఓ నా! యల్లా!" అన్నాడు. ఉమ్ అల్ ఖువైన్ దాటాక ఆగలేకపోయాను. ఒళ్ళో పెట్టుకుని నాలుగోది వాయించాను. ఆయన స్టీరింగు మీద వేలు కొట్టాడు. వెనక సీట్ల నుంచి ఇద్దరు లేచి వచ్చారు. ఇది ఎవరి తాతదని ఒక్కడూ అడగలేదు.

క్యాంపుకు వచ్చి, డోలు వెంకట్రాములు ముందు పెట్టి, నాలుగో దరువు ఆయనకు నేర్పబోయాను. నేర్పడం ఎందుకని అడుగు. ఆయనకు అది రాదు కాబట్టి. ఎందుకు రాదంటే, అది నాది కాబట్టి. వాళ్ళ తాత దరువు అన్నది నా కల్పన. దుప్పటి కప్పి నేనే వాయించి పంపాను. నీకు ముందే రాశాను, పంపలేదు. ఆ ఉత్తరం కూడా ఈ కవరులోనే పెడుతున్నాను, తేదీ చూడు.

నువ్వు సభలో చదివిన నాలుగు రోజులకు చెప్తున్నాను. ముందే చెప్పాల్సింది, నాకు తెలుసు. నా అంతట నేను చెప్పడం లేదు కూడా. నేను వాయిస్తుంటే నాలుగో చుట్టు ఆగీ ఆగకముందే వెంకట్రాములు నా చెయ్యి పట్టుకున్నాడు.

"గిది రెండో నంబర్ మిషన్ గదా సారూ! బెల్ట్ జారుతది సూడు, గదే గిది!"

అక్కా, ఆయన చెప్పేదాకా నాకూ తెలియదు. ఆఫీసు కిటికీలోంచి మూడేళ్ళుగా వింటున్న క్రషర్ శబ్దం అది. ఏడు దెబ్బలు మూడుసార్లు, తర్వాత అయిదు, అరిగిన బెల్టు జారి రెండు దెబ్బలు ఎగిరిపోవడం. నేను అద్భుతంగా ఊహించానని మురిసిపోయింది అదే. నీ భక్తుడు ఊపిరి బిగబట్టిందీ అక్కడే.

నవ్వు వచ్చి అంతా చెప్పేశాను ఆయనకు. ఆయన కూడా నవ్వాడు. వాళ్ళ తాత పేరు మీద పంపానన్న దగ్గర నవ్వు ఆపేశాడు.

"మా తాత గొర్లు గాసిండు సార్. డోలు ముట్టలే. సచ్చిపోయినోని మీద మిషన్ చప్పుడు ఎట్ల పెడ్తవ్? అక్కకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా? ఖలాస్, ఒక్కటే మాట."

చెప్పాను.

దయాకర్

*

అబుదాబి,
2 ఫిబ్రవరి 2023.

శ్రీ దయాకర్ గారికి,

మీ ఉత్తరం, మీ పాత ఉత్తరం రెండూ ముట్టాయి.

నవంబర్ 13 నాటి కాగితం మీద మీ సంతకం ఉంది. ఆ కాగితాన్ని నమ్మి నేను ఇరవై రెండు పేజీలు రాశాను. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకూ, సభ వాళ్ళకూ, మా శాఖకూ నిన్న రాశాను. కారణం, వాయించిన మనిషిని స్వయంగా కలవకుండా నమ్మడం నా తప్పని రాశాను. మీ పేరు ఎక్కడా రాయలేదు. అది మీకు బాధ కలిగించవచ్చు.

వెంకట్రాములు గారికి క్షమాపణ చెప్పండి. డోలు ఆయన దగ్గరే ఉండనివ్వండి.

లావణ్య

*

రాస్ అల్ ఖైమా,
19 ఫిబ్రవరి 2023.

అక్కా,

"గారు" అన్నావు. "మీరు" అన్నావు. నా ఎం.కాం.కు ఇంతవరకు దక్కని గౌరవం ఒక్క కాగితంలో దక్కింది. రెండు వారాలు దాన్ని చూసుకున్నాను. ఇదే ఉత్తరంలో ఎన్నో జోకులు రాసి కొట్టేశాను. ఈ పై మూడు వాక్యాలు మిగిలాయి, అవి కూడా బాగా లేవు.

తప్పు చేశాను. ఆటగా మొదలుపెట్టాను. నువ్వు మెచ్చుకున్నాక ఆట కాదు, ఆశ. నువ్వు ఇంకొకరి పేరు మీద నన్ను పొగుడుతుంటే ఎంత కడుపు మండినా, వినడం మానలేకపోయాను. అదే నిజం, ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

రెండు సంగతులు నీకు తెలియాలి. పోయిన వారం మెకానిక్ షాహబాజ్ రెండో నంబరు బెల్టు మార్చాడు. ఇప్పుడు మిషన్ బుద్ధిగా తిరుగుతోంది. ఆ శబ్దం క్వారీలో లేదు.

రెండోది. వెంకట్రాములు ఆ దరువు వాయించడం మానలేదు. "సప్పుడు మంచిగున్నది, అబద్ధం నీది గాని దానిదేం తప్పు" అంటాడు. కానీ ఆయన వాయిస్తే తేడా ఉంది. నేను రెండు దెబ్బలు వదిలేస్తాను. ఆయన మూడు వదులుతాడు. తప్పని చెప్పాను. వినడు. మళ్ళీ అందుకునేటప్పుడు మెల్లగా అందుకుంటాడు, మేకను లేపుతున్నట్టు. ఎందుకని అడిగితే చెప్పాడు:

"నువ్వు కిటికీల కెళ్ళి ఇన్నవ్ సార్. నేను బెల్ట్ పక్కన ఉంట. మిషన్ చప్పుడు ఆగిందంటే ముందుగాల నా చేతులు సూస్కుంట. తర్వాత పక్కోని చేతులు సూస్త. అందరియి ఉన్నయంటే అప్పుడు మొదలు పెడ్త. గంత టైం పడ్తది."

ఆయన వాయించింది పంపుతున్నాను. కొత్త డోలు మీద, మెస్ ముందు, పగలు, అందరూ చూస్తుండగా. కింద వెంకట్రాములు సంతకం, సాక్షిగా సనావుల్లా భాయ్ సంతకం ఉన్నాయి. నాది పెట్టలేదు. దానికి విలువ లేదు కదా.

జవాబు రాయకపోయినా సరే.

నీ తమ్ముడు, నువ్వు ఒప్పుకుంటే,
దయాకర్

*

అబుదాబి,
12 ఏప్రిల్ 2023.

దయా,

ఉపవాసాల నెల కదా, మధ్యాహ్నానికే కాలేజీ ఖాళీ అయిపోతోంది. గదిలో ఒక్కదాన్నే కూర్చుని రాస్తున్నాను. రెండు నెలలు జవాబు రాయనందుకు క్షమించమని అడగను. నీకు ఆ రెండు నెలలు కావాలి, నాకూ కావాలి.

ముందు వార్త. మే దాకా ఆగకుండా నిన్ననే తేల్చేశారు. మూడేళ్ళు ఇస్తారనుకున్న చోట ఒక్క ఏడాది ఇచ్చారు. వ్యాసం వెనక్కి తీసుకోవడం నిజాయితీ అని ముగ్గురు మెచ్చుకున్నారు. ఆ ముగ్గురే ఒక్క ఏడాది చాలన్నారు. పోలేదు, నిలబడ్డాను. పడకపోవడంలో నీ సాయం ఏమీ లేదు.

ఇప్పుడు ఇంకో సంగతి. ఇది రాయడానికే అంత ఆలస్యం.

నాకు వచ్చింది కోపం అని నేనే అనుకున్నాను. కొన్ని రోజులు కోపమే. తర్వాత ఒకరోజు మే కచేరీ కోసం కూర్పు కడుతూ, నీ నాలుగోది పక్కన పెట్టి, దాని కంటే మంచిది నేనే కట్టి చూపిద్దామని కూర్చున్నాను. వారం కూర్చున్నాను. రాలేదు దయా. కాగితాలు చించి పడేశాను. ఆరు దేశాల వాద్యాలు చదివాను, స్వరకల్పనలో పట్టా ఉంది, ఒక క్లాసు నిండా పిల్లలకు అదే నేర్పుతున్నాను. నువ్వు బకెట్ మీద దుప్పటి కప్పి, నన్ను ఏడిపించడానికి, అన్నం బెల్లుకూ పని బెల్లుకూ మధ్య చేసిన దానిముందు నావన్నీ పరీక్షలో రాసిన జవాబుల్లా ఉన్నాయి.

కోపం కాదురా అది. కుళ్ళు.

ఇంకా చెప్పనా? అది ఇప్పటిది కాదు. తాత నీకు డోలు మెడలో వేసిన రోజు నీకు ఎనిమిదేళ్ళు, నాకు పదకొండు. ముందు అడిగింది నేను. "ఆడిపిల్లవు, నువ్వు తాళాలు పట్టు బిడ్డా" అన్నాడు. నువ్వు తప్పు కొడుతుంటే సరైన దెబ్బ నాకు తెలుసు, తాళాలతో చూపిస్తుండేదాన్ని. నువ్వు చూసేవాడివి కాదు. నా చదువంతా ఆ డోలుకు ఇంకో దారిలో నడిచి వెళ్ళడం. వెళ్ళి చూస్తే నువ్వు దాన్ని ఆటబొమ్మ చేసుకుని కూర్చున్నావు, అందులోంచి అది వచ్చింది. నీ ముప్పై ఏడు నిమిషాలూ బాగా లేవని అంత వేగంగా ఎందుకు రాశాననుకున్నావు? పూర్తిగా వినలేదు కూడా. దగ్గు దగ్గర ఊపిరి పీల్చుకున్నాను, "అమ్మయ్య, ఇంకెవరో ఉన్నారు" అని.

నువ్వు సంతకం పెట్టి అబద్ధమాడావు. నేను సంతకం పెట్టకుండా ఆడాను.

వెంకట్రాములు గారి మూడు దెబ్బల నిశ్శబ్దం విన్నాను. దాని గురించి ఏమీ రాయను. ఈసారి వ్యాఖ్యానం లేదు.

ఆ దరువు చుట్టూ మే కచేరీకి కూర్పు కట్టాలని ఉంది. జానపదమని కాదు, పాతదని కాదు. బతికున్న మనిషి కట్టిన దరువని, పేరుతో. ఆయన వాయించాలి. దీనితో ఒక ఫారం పెడుతున్నాను. "దరువు కట్టినవారు" అన్న చోట పేరు రాసి సంతకం పెట్టి పంపు. నువ్వు ఇయ్యనంటే అర్థం చేసుకుంటాను. అప్పుడు తాతను అడిగాను, ఇప్పుడు నిన్ను. నేను డోలు అడగడం ఇది రెండోసారి.

ఊద్ వాయించే ఆయన తప్ప ఇక్కడ ఎవరికీ ఈ ఉత్తరం సంగతి తెలియదు. ఆయనకు తెలుగు రాదు.

అక్క

*

రాస్ అల్ ఖైమా,
23 ఏప్రిల్ 2023.

నన్ను చూసి కుళ్ళుకున్న తొలి ఆచార్యురాలు, మా లావణ్యక్కకు,

పండుగ సెలవులు. క్యాంపంతా బిర్యానీ వాసన. సనావుల్లా భాయ్ ఇంటికి ఫోన్ చేసుకోవడానికి పోయాడు, వచ్చాక ఈ కవరు ఇస్తాను.

నీ ఉత్తరం చదివి ఎగిరి గంతెయ్యాలి నేను. ఇన్నేళ్ళుగా కోరుకున్నది అదే కదా. పీహెచ్‌డీ లేచి ఎం.కాం.కు కుర్చీ వేసింది! నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి తాళాల దగ్గర ఆగిపోయాను. అక్కా, నువ్వు తాళాలతో చూపిస్తున్నావని నాకు తెలుసు. చూసేవాణ్ణి కూడా. చూసి, నాకే తెలిసినట్టు కొట్టేవాణ్ణి. తాత "మనవడికి ఒంట్లోనే ఉంది" అనేవాడు. నేను కాదనలేదు. నాలుగో దరువు నా మొదటి దొంగతనం కాదు.

ఇక ఫారం సంగతి. నిన్న మధ్యాహ్నం మంచం మీద పెట్టుకుని కూర్చున్నాను. "దరువు కట్టినవారు." గీత పొడుగ్గానే ఉంది. ద, యా అని మొదలుపెట్టబోయి కలం పెట్టేశాను. పై మంచం మీద వెంకట్రాములు డోలు పొట్ట మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. వేళ్ళతో మెల్లగా వాయించుకుంటున్నాడు. ఏడు, ఏడు, ఏడు, అయిదు. తర్వాత ఆగాడు. నేను అనుకోకుండా నా చేతులు చూసుకున్నాను.

నాకు ఒళ్ళు మండిపోయింది అక్కా. నా దరువులో నేను పెట్టలేనిది ఆయన పెట్టాడు. మూడేళ్ళు ఆ కిటికీ దగ్గర కూర్చుని షిఫ్టులు రాశాను. చప్పుడు ఆగితే ఏ రోజూ లేచి చూడలేదు, టైము మాత్రం రాసుకున్నాను.

"పెద్దాయనా, నీ పేరు కూడా రాస్తున్న" అన్నాను.

"నాదెందుకు సార్? మిషన్ పేరు రాయి."

"మిషన్ సంతకం పెట్టదు."

"షాహబాజ్‌తోని పెట్టియ్" అని అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి, అటు తిరిగే, "స్పెల్లింగ్ మంచిగ రాయి. పాస్‌పోర్టుల తప్పు పడ్డది" అన్నాడు.

మే కచేరీ రోజుకు ఆయనకు సెలవు రాసేశాను. ఆయన షిఫ్టు నాకు వేసుకున్నాను, ఆఫీసులో కాదు, రెండో నంబరు బెల్టు పక్కన. ఫోర్‌మన్ నవ్వాడు. కాబట్టి కచేరీకి నేను రాను. ముందు వరసలో నా కోసం ఖాళీ కుర్చీ పెట్టి ఏడిపించకు, ఎవరికైనా ఇచ్చేసెయ్యి. ఆయన ఆ మూడు దెబ్బలు ఆగినప్పుడు జనం అయిపోయిందనుకుని చప్పట్లు కొడతారు. కొట్టనియ్యకు. తాళాలు నువ్వు పట్టుకుని కూర్చో, నీ చెయ్యి కదిలేదాకా ఎవరూ కదలరు.

ఫారం నింపి పెడుతున్నాను. రెండు పేర్లూ ఉన్నాయి, రెండు సంతకాలూ ఉన్నాయి, ఆయన స్పెల్లింగు మూడుసార్లు సరిచూశాను.

నా పేరు పైన ఉంది. దాని మీద ఎవరితోనూ వాదన పెట్టుకోను.

నీ తమ్ముడు,
దయాకర్